మందిరానికి ఏ మైకు కొనాలి?

మైదుకూరు చుట్టుపక్కల పల్లెల్లో మన మందిరాలు చాలావరకు చిన్నవి. రేకుల కప్పు, తిరిగే ఫ్యాన్లు, పాడేవారి పక్కనే కీబోర్డు, తబలా. అక్కడ కండెన్సర్ మైకు పెడితే ఫ్యాను చప్పుడూ ప్రసంగంలో కలుస్తుంది. డైనమిక్ మైకే మేలు. దానికి వేరే కరెంటు అక్కర్లేదు, మోటుగా వాడినా తట్టుకుంటుంది. 1966లో వచ్చిన షూర్ ఎస్‌ఎం58 నేటికీ వేదికల మీద ఉన్నది అందుకే.

కొనేటప్పుడు కార్డియాయిడ్ రకమా అని అడగండి. అది ఎదుటి స్వరాన్ని బాగా తీసుకొని, వెనుక శబ్దాన్ని చాలా తగ్గిస్తుంది. కనుక పాడేవారికి వినిపించే స్పీకరు మైకు వెనుక వైపున ఉండాలి. సూపర్ కార్డియాయిడ్ అయితే నేరుగా వెనుక కాదు, కాస్త పక్కకు. మైకు జాలీని గుప్పిట్లో మూసి పాడటం మన యౌవనస్థులకు సరదా! అలా మూస్తే ఆ గుణం పోయి మైకు కుయ్యిమంటుంది. ఆ భయంతో సౌండు తగ్గిస్తే, చివర చాప మీద కూర్చున్న అవ్వకు వాక్యం వినిపించదు.