ప్రయాణంలో స్థానిక భోజనం: అప్పనపల్లి ఒక ఉదాహరణ

కిందటి పాఠంలో యాత్రికుడి ఖర్చులో ప్రయాణానికి, వసతికి అయ్యే భాగాన్ని పరిశీలించారు. ఆ రెండింటిలో మీరు తగ్గించుకోగలిగేది కొంతే. బస్సు టిక్కెట్టు ధర మీ చేతిలో లేదు. పండుగ రోజుల్లో గది అద్దె మీ మాట వినదు. భోజనం మాత్రం పూటపూటకూ మీరే నిర్ణయించుకునే ఖర్చు. ఆ డబ్బు ఎవరి చేతికి చేరాలన్నది కూడా మీ నిర్ణయమే. తక్కువ ఖర్చుతో మంచి స్థానిక ఆహారాన్ని ఎలా వెతుక్కోవాలో, అది ఎందుకు చవగ్గా దొరుకుతుందో, ఎప్పుడు దొరకదో ఈ పాఠంలో తెలుసుకుంటారు.

ఉదాహరణగా అప్పనపల్లిని తీసుకుందాం. ఇది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా మామిడికుదురు మండలంలో, గోదావరి పాయ అయిన వైనతేయ ఒడ్డున ఉన్న గ్రామం. కొబ్బరి వ్యాపారి మొల్లేటి రామస్వామి ప్రారంభించిన బాల బాలాజీ ఆలయం వల్ల ఊరికి పేరు వచ్చింది. శనివారాల్లో యాత్రికుల రద్దీ ఎక్కువ. కోనసీమ లోపలికి రైలు లేదు కనుక చాలామంది రాజమహేంద్రవరంలో దిగి, రావులపాలెం మీదుగా బస్సు మీద వస్తారు. అంటే మీరు గుడి మెట్టు ఎక్కేసరికే ఒక పూట భోజనమో టిఫినో దారిలో అయిపోయి ఉంటుంది. స్థానిక ఆహారం గురించి ఆలోచించవలసింది కూడా ఆ దారిలోనే. గుడి ముందు దిగాక ఆలోచిస్తే ఎదురుగా కనిపించేది యాత్రికుల కోసం పెట్టిన హోటలే అవుతుంది.

సత్రం, పూటకూళ్ళ ఇల్లు, మెస్సు

హోటళ్ళు లేని రోజుల్లో బాటసారి ఎక్కడ తినేవాడు? తెలిసినవాళ్ళ ఇంట్లో, సత్రంలో, లేదా డబ్బిచ్చి పూటకూళ్ళ ఇంట్లో. గురజాడ 'కన్యాశుల్కం' చదివినవారికి పూటకూళ్ళమ్మ గుర్తుంటుంది. ఒంటరి స్త్రీకి అది బతుకుదెరువు, ఊరుకాని ఊరు వచ్చినవాడికి ఇంటి వంట. నేటి పట్టణాల్లో ఇంటి వరండాలో నడిచే మెస్సులు దాని వారసులే.

అప్పనపల్లికి ఎగువన, ఇదే వైనతేయ మీద, లంకల గన్నవరం ఉంది. అక్కడ డొక్కా సీతమ్మ (1841–1909) నది దాటి వచ్చేవారికి వేళ కాని వేళలో కూడా వండిపెట్టి, డబ్బు తీసుకోకుండా పంపేది. గన్నవరం అక్విడక్టుకు ఇప్పుడు ఆమె పేరే ఉంది. ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజన పథకానికి 2024లో ఆమె పేరు పెట్టారు. ఆమెను తలచుకునేటప్పుడు ఒక విషయం మరవకూడదు. ఆనాటి పూటకూళ్ళ ఇళ్ళలోనూ, తర్వాత వచ్చిన కాఫీ హోటళ్ళలోనూ కులాన్ని బట్టి పంక్తులు, గదులు వేరుగా ఉండేవి. 'దారిలో అందరికీ భోజనం' అన్నది మన సంప్రదాయంలో సహజంగా ఉన్నదేమీ కాదు, సీతమ్మ వంటివారు చేసి చూపినది. బస్టాండులో ఎవరి పక్కనైనా కూర్చుని తినగలగడం ఇటీవలి సంగతి.

అప్పనపల్లి ఆలయంలో మధ్యాహ్నం ఉచిత అన్నదానం ఉంది. చేతిలో డబ్బు తక్కువ ఉన్న విద్యార్థికి ఇది నిజమైన ఆసరా, మొహమాటపడవలసిన పని లేదు. ఇవ్వగలిగినవారు అన్నదాన నిధికి ఏదో ఒకటి ఇచ్చి తినడం మర్యాద. అయితే వందల మందికి ఒకేసారి వండే పంక్తి భోజనంలో కోనసీమ రుచులన్నీ వెతకవద్దు. అది కడుపు నింపడానికి పెట్టిన అన్నం. మిగిలిన రెండు పూటలు మీవి.

చవక ఎక్కడ నుంచి వస్తుంది?

కొబ్బరి, అరటి, పనస, కంద, బచ్చలి: కోనసీమ పెరడులో ఇవి ఉంటాయి. ఒక పదార్థం పండినచోటే వండితే రవాణా ఖర్చు, దళారి వాటా, నిల్వలో పాడయ్యే భాగం మూడూ తగ్గుతాయి. స్థానిక ఆహారం చవక కావడానికి కారణం ఇదే. అరటిపండ్ల మార్కెట్టుకు రావులపాలెం, కొబ్బరి మార్కెట్టుకు అంబాజీపేట ప్రసిద్ధి. మీరు వచ్చే బస్సు రావులపాలెంలో ఎలాగూ ఆగుతుంది. చక్కెరకేళి, అమృతపాణి, కర్పూరం అని అడిగి కొనండి. ఊరికే 'అరటిపళ్ళు' అంటే ఏవి మిగిలిపోయాయో అవి ఇస్తారు.

అంబాజీపేటలో ఆగగలిగితే పొట్టిక్కలు తప్పక తినండి. చూడటానికి ఇడ్లీకి చుట్టం. నాలుగు పనసాకులను ఈనెపుల్లలతో గుచ్చి చిన్న బుట్టలా కుడతారు, అందులో మినప్పప్పు, బియ్యపు రవ్వ కలిసిన పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. వేడికి పనసాకు వాసన పిండిలోకి దిగుతుంది. తేడా అంతా అక్కడే ఉంది. ఇడ్లీ రేకు ఒకసారి కొంటే ఏళ్ళ తరబడి పనిచేస్తుంది, ఆకు బుట్టలు మాత్రం ఎప్పటికప్పుడు కుట్టవలసిందే. ప్లేటులో కనిపించని ఆ చేతిపనికి కూడా మీరు డబ్బిస్తున్నారు. కనుక మామూలు ఇడ్లీ కంటే కాస్త ఎక్కువ అడిగితే బేరమాడకండి. మినపరొట్టె, అంటే దిబ్బరొట్టె, కూడా ఇలాంటిదే. మూకుడులో మందంగా పోసి, సన్నని సెగ మీద అడుగు ఎర్రగా కాలేదాకా ఆగాలి. తొందరపడే హోటల్లో అది కుదరదు. బండి దగ్గర పది నిమిషాలు నిలబడవలసి వస్తే విసుక్కోవద్దు, అదే మంచి గుర్తు.

లేత పనసకాయను పెద్ద కత్తితో సన్నగా కొట్టి పొట్టుగా అమ్మడం కోనసీమ సంతల్లో చూస్తారు. ఆవపెట్టిన పనసపొట్టు కూర, కంద బచ్చలి, అరటి దూట కూర పెళ్ళిభోజనాల్లో గొప్పగా వడ్డించేవే అయినా పుట్టుకతో పెరటి కూరలే. బస్టాండు బోర్డు మీద వీటి పేర్లు ఉండవు. 'ఇవాళ ఏం కూరండీ?' అని అడిగితేనే బయటపడతాయి.

ఇక కాలం సంగతి. వేసవిలో తాటి ముంజెలు, చలికాలంలో తేగలు. రెండూ ఒకే చెట్టువి. కాలంకాని కాలంలో అడిగితే దొరకవు, దొరికినా ధర మండుతుంది.

పేరున్నదంతా చవక కాదు

గోదావరి అనగానే యాత్రికుడు పులస అంటాడు. సముద్రంలో ఉన్నంతకాలం ఆ చేపను విలస అనీ ఇలస అనీ అంటారు. వరదల కాలంలో ఎర్రనీరు రాగానే గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురీదుతుంది. ఉప్పునీరు వదిలి తీపినీటిలో ఈదుతున్నకొద్దీ దాని రుచి మారుతుంది, పేరూ మారుతుంది. ఎగువకు వెళ్తే ధవళేశ్వరం ఆనకట్ట అడ్డు. దొరికేది ఏడాదిలో కొన్ని వారాలు, చేపలు కొద్ది, కోరేవారు ఎక్కువ. కనుక ఒక్క చేప వేల రూపాయలు పలుకుతుంది. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న సామెత ధర గురించి నిజమే చెబుతోంది. ఒడిశా వైపు నుంచి వచ్చిన ఇలసను పులస పేరుతో అమ్మడం కూడా ఉంది. తక్కువ ధరకు, కాలంకాని కాలంలో 'పులస పులుసు' అని బోర్డు కనిపిస్తే మీకు అర్థమై ఉండాలి. విద్యార్థి ఖర్చుతో ప్రయాణించే మీకు సలహా సూటిగా చెప్పవచ్చు: పులసను వదిలేయండి. చింతచిగురు రొయ్యలు, మామిడికాయ మెత్తళ్ళు ఈ నేల మీద రోజూ తినే వంటలు. గోదావరి రుచి వాటిలోనూ తక్కువేమీ కాదు.

పూతరేకుల విషయం వేరు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక సూచిక గుర్తింపు వచ్చింది. బోర్లించిన కుండ మీద బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన బట్టను లాగి, గాలికి ఎగిరే రేకు తీయడం ఆ ఊరి స్త్రీల నైపుణ్యం. ఇప్పుడు అన్ని బస్టాండుల్లోనూ పెట్టెల్లో అమ్ముతున్నారు. నెయ్యి వాసన చూసి కొనండి. నెయ్యి లేని పూతరేకు తీపి కాగితం.

ఎవరి ఆహారం?

'కోనసీమ వంటలు' అని రాసిన జాబితాల్లో సాధారణంగా పెళ్ళిభోజనం వంటలు, గుడి ప్రసాదాలు, పులస ఉంటాయి. ఒక ప్రాంతంలో ఒకే వంట ఉండదు. ఏటి ఒడ్డున వేటకు వెళ్ళే కుటుంబాల ఎండుచేపల కూర, పీతల పులుసు ఈ నేల వంటలే. అప్పనపల్లి ఉన్న మండలంలోనే నగరం అనే గ్రామం ఉంది. అక్కడి ముస్లిం కుటుంబాలు చేసే గరాజీలు చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ తెలుసు. బియ్యప్పిండి జారును సన్నని ధారలుగా కాగిన నూనెలో అల్లికలా పోసి, వేడి మీదనే మడిచే తీపి అది. గుడికి వచ్చి వెళ్ళే యాత్రికుల్లో చాలామంది అంత దగ్గర్లో ఉన్న దాని పేరు వినకుండానే తిరిగిపోతారు. మీరు కోనసీమలో తిన్నారా, కోనసీమలో ఒక వీధిలో తిన్నారా అన్నది ఇలాంటిచోట తేలుతుంది.

అడగడం ఎలా?

'ఇక్కడ మంచి హోటల్ ఏదండీ?' అని అడిగితే మీ బట్టలు, బ్యాగు చూసి ఏసీ ఉన్న హోటల్ చూపిస్తారు. అది వారి మర్యాద. ప్రశ్న మార్చండి: 'మీరు పొద్దున్నే టిఫిను ఎక్కడ చేస్తారండీ?' ఆటో నడిపేవారిని, బస్సు కండక్టరును, కొబ్బరి దింపు కూలీలను అడగండి. 'ఆయ్, మేమైతే ఆ చెరువుగట్టు దగ్గర పిన్నిగారి బండి మీద తింటామండి' అన్న జవాబు వస్తే మీకు కావలసింది దొరికినట్టే. రోజూ తన జేబులోంచి డబ్బిచ్చి తినేవాడి మాట కంటే నమ్మదగిన సిఫారసు లేదు. ధర ముందే అడగడం తప్పు కాదు, తిన్నాక అడిగి గొడవపడటం ఇద్దరికీ కష్టం.

ఇలాంటి సలహా కోసం ప్రపంచంలో పెద్ద ఏర్పాట్లే జరిగాయి. ఫ్రాన్సులో మిషెలిన్ టైర్ల కంపెనీ 1900లో వాహనదారుల కోసం గైడు పుస్తకం వేసింది. అందులో తక్కువ ధరకు మంచి భోజనం పెట్టేచోట్లకు ప్రత్యేక గుర్తు ఇవ్వడం మాత్రం చాలా ఏళ్ళ తర్వాత గానీ మొదలు కాలేదు. సింగపూరులో వీధి బండ్లవారిని నీళ్ళు, కాలువ సౌకర్యం ఉన్న కేంద్రాల్లోకి తరలించారు. ఆ హాకర్ సంస్కృతిని యునెస్కో 2020లో సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. మన దేశంలో 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం వారి జీవనోపాధికి రక్షణ ఇస్తుంది. అది ప్రధానంగా పట్టణాలకు ఉద్దేశించినది కనుక పల్లె గుడి ముందు బండికి అంతగా అందదు.

శుభ్రత గురించి ఒక మాట. ఖరీదుకూ శుభ్రతకూ సంబంధం మీరు అనుకున్నంత లేదు. మీ కళ్ళముందు ఆవిరి మీద ఉడికి, పొగలు కక్కుతూ ఆకులోకి వచ్చిన పొట్టిక్క, పొద్దున చేసి అద్దాల పెట్టెలో పెట్టిన బిరియానీ కంటే భద్రం. అసలు జాగ్రత్త నీళ్ళ దగ్గర, నీళ్ళతో చేసిన పచ్చళ్ళ దగ్గర పడండి. తీరప్రాంతం కావడంతో చాలాచోట్ల బావినీరు ఉప్పగా ఉంటుంది, తాగేనీరు డబ్బాల్లో వస్తుంది. అనుమానముంటే మీ సీసా మీరు తెచ్చుకోండి, లేదా కొబ్బరి బొండం కొట్టించుకోండి. కోనసీమలో అంతకంటే శుభ్రమైన, నమ్మకమైన పానీయం లేదు. ప్యాకెట్టు మిఠాయి కొంటే దానిమీద 14 అంకెల ఆహార భద్రతా లైసెన్సు సంఖ్య, తయారీ తేదీ ఉన్నాయేమో చూడండి.

అభ్యాసం

మీ ఊరికి గానీ, మీ అధ్యయన కేంద్రం ఉన్న పట్టణానికి గానీ మొదటిసారి వచ్చిన విద్యార్థిని ఊహించుకోండి. అతని దగ్గర ఒక రోజుకు సరిపడా కొద్ది డబ్బే ఉంది. మూడు పూటలకూ మూడు చోట్లు సూచించండి. ఒక్కోచోట వండేది ఎవరు, సరుకు ఎక్కడ నుంచి వస్తుంది, ఈ నెలలో ఏది చవక అన్నవి అక్కడికి వెళ్ళి అడిగి తెలుసుకుని రెండు పేజీలలో రాయండి. మూడింటిలో కనీసం ఒకటి మీరు ఇంతవరకు అడుగుపెట్టని వీధిలోది కావాలి.