మానకూడని గాయం

పాకాల చెరువు నిండితే ఎక్కువైన నీరు మత్తడి దూకిపోవడం మన గూడూరు ప్రాంతపు పిల్లలు చూసే ఉంటారు. ఆ మత్తడి పూడిపోతే? కట్టకే ముప్పు. మన కంటిలోనూ ఇలాంటి ఏర్పాటు ఒకటి ఉంది.

కంటి ముందు భాగంలో ఒక తేట ద్రవం ఎప్పుడూ ఊరుతూ ఉంటుంది. (ఇది కన్నీరు కాదు సుమా!) నిమిషానికి సుమారు 2 మైక్రోలీటర్లే. ఒక్క బొట్టు పోగవడానికి దాదాపు 25 నిమిషాలు పడుతుందన్నమాట. నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసేచోట లోపల ఉన్న జల్లెడ వంటి కణజాలం గుండా అది బయటికి పోయి రక్తంలో కలుస్తుంది. జల్లెడ మూసుకుంటే పీడనం పెరుగుతుంది. మామూలుగా అది పాదరస మట్టంలో 10 నుంచి 21 మిల్లీమీటర్లు. పెరిగిన పీడనం కంటి వెనుకనున్న దృష్టినాడిని దెబ్బతీస్తుంది. ఇదే గ్లాకోమా, అంటే నీటి కాసులు. చాలామందిలో నొప్పి ఉండదు. చూపు పక్కల నుంచి తరుగుతూ వస్తుంది. హైదరాబాదు నగరంలో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ జరిపి, 2000లో ప్రకటించిన సర్వేలో, ఈ జబ్బున్న పదిమందిలో తొమ్మిదిమందికి పైగా ఆ సంగతే తెలియదని తేలింది.

చుక్కల మందుతో పీడనం దిగకపోతే ఆపరేషన్ చేస్తారు. 1968లో ఇంగ్లండు వైద్యుడు కెయిర్న్స్ వివరించిన పద్ధతి ఇది. తెల్లగుడ్డులో చిన్న మూత లాగా కోసి, ద్రవానికి కొత్త దారి చేస్తారు. ద్రవం పైపొర కిందికి చేరి మెల్లగా ఇంకిపోతుంది.

తమాషా అంతా ఇక్కడే ఉంది. మోకాలికి దెబ్బ తగిలితే త్వరగా మానాలని కోరుకుంటాం. ఈ కోత మాత్రం పూర్తిగా మానకూడదు! మానితే మచ్చకట్టి కొత్త మత్తడి కూడా పూడిపోతుంది. ఈ ఆపరేషన్ విఫలం కావడానికి ముఖ్య కారణం అదే. కాబట్టి ఫలితాన్ని ముందుగా అంచనా వేయడమంటే, ఈ కన్ను ఎంత గట్టిగా మచ్చ కడుతుందో అంచనా వేయడమే.

అందుకు డాక్టరు ఏమేమి చూస్తారు? మొదట వయసు. పడుచువారి శరీరం గాయాన్ని చురుగ్గా పూడుస్తుంది. ఆ చురుకే ఇక్కడ చేటు. కంటికి ఇదివరకు ఆపరేషన్ జరిగిందా? లోపల వాపు ఉందా? ఏళ్ల తరబడి చుక్కలు వాడి పైపొర ఎర్రబడిందా? మధుమేహం వల్ల కంటిలో కొత్త రక్తనాళాలు మొలిచాయా? అవునన్న జవాబులు పెరిగేకొద్దీ అనుమానమూ పెరుగుతుంది. అప్పుడు క్యాన్సరుకు వాడే మైటోమైసిన్ మందును కోత దగ్గర కొద్ది నిమిషాలు ఉంచి మచ్చను అణచుతారు, లేదా సన్నని గొట్టం అమరుస్తారు. అంచనా వల్ల లాభం ఇదీ.

ఇప్పుడు పాత రోగుల వివరాలను కంప్యూటర్లకు అందించి కూడా ఈ అంచనా వేయిస్తున్నారు. అది చెప్పేది జోస్యం కాదు, మీ లెక్కల పుస్తకంలోని సంభావ్యతే.

విజయం అంటే పోయిన చూపు తిరిగి రావడం అనుకునేరు! శుక్లాల ఆపరేషన్ వేరు. ఇక్కడ పీడనం దిగి, మిగిలిన చూపు నిలిస్తే గెలిచినట్టే. మచ్చ నెలల తర్వాత కూడా కట్టవచ్చు గనుక, ఆపరేషన్ అయిన తాతయ్యను డాక్టరు మళ్లీ మళ్లీ రమ్మంటారు.