గదిలో మోతను తగ్గించే మందపాటి తెర

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల కొత్త ఇళ్లలో కాంక్రీటు స్లాబు, సిమెంటు గోడలు, గ్రానైటు లేదా నాపరాళ్ల నేల సాధారణం. గట్టిగా, నున్నగా ఉండే ఈ ఉపరితలాలు ధ్వనిని దాదాపు మొత్తంగా వెనక్కి పంపుతాయి. అందుకే ఖాళీ గదిలో మాట మోగుతుంది.

బట్ట ఆ మోతను తగ్గిస్తుంది. గాలిలోని కంపనం పోగుల సందుల్లోకి చొరబడి, రాపిడికి లోనై కొద్దిపాటి వేడిగా మారుతుంది. 1895లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో వాలెస్ సబైన్ ఒక ఉపన్యాస గదిలో సీట్ల మెత్తలు పరుస్తూ, వాటి సంఖ్య పెరిగేకొద్దీ మోత ఎంత త్వరగా ఆగుతుందో కొలిచాడు. ఆధునిక భవన ధ్వనిశాస్త్రానికి ఆ ప్రయోగాలే పునాది.

తెర బరువుగా, పోగుల మధ్య గాలి ఆడేలా ఉండాలి. పాలమూరు కురుమలు దక్కనీ గొర్రెల ఉన్నితో నేసే గొంగడి ఈ కోవకు చెందిన బట్టే. కిటికీ వెడల్పుకు రెండింతల గుడ్డను కుచ్చులు వచ్చేలా, గోడకు సుమారు 10 సెంటీమీటర్ల ఎడంగా వేలాడదీస్తే ఫలితం పెరుగుతుంది.

బయటి రొద విషయం వేరు. తెర దాన్ని కొంతే తగ్గిస్తుంది. జనరేటరు, డీజే బాక్సుల దడదడ మాత్రం దాదాపు అలాగే లోపలికి వస్తుంది. ముందు రబ్బరు పట్టీలతో తలుపులు, కిటికీల సందులు మూసి, వీలైతే మందమైన అద్దాలు పెట్టించి, ఆ తర్వాత తెర కట్టడం సరైన వరుస.