కొత్త బడిలో మన పిల్లలు: చట్టం ఇచ్చే అండ

బదిలీ ఉత్తర్వు చేతికి రాగానే మనం ముందు చూసుకునేవి ఇంటి అద్దె, గ్యాస్ కనెక్షన్, పిల్లల బడి. సీటు దొరికితే పెద్ద పని అయిపోయిందనుకుంటాం. కానీ కొన్నేళ్ళకోసారి ఊరు మారే మన ఇళ్ళలో పిల్లలు ప్రతిసారీ తరగతిలో కొత్తవాళ్ళే. భాష కొత్త, యాస కొత్త, టిఫిన్ బాక్సులో తిండి కొత్త. ఏడిపించేవాళ్ళకు ముందు దొరికేది అలాంటి పిల్లలే.

నేను పనిచేస్తున్నది సూరత్ దగ్గరి కామ్‌రేజ్‌లో. మగ్గాలను నమ్ముకుని తెలంగాణ నుంచి వచ్చిన కుటుంబాలు సూరత్‌లో ఎన్నో ఉన్నాయి. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోంది. నగరం బయట ఉండే మేము మా అమ్మాయిని ఆరో తరగతిలో ఇంగ్లీషు మీడియంలో చేర్చాం. రెండు నెలలు గడిచేసరికి టిఫిన్ బాక్సు ముట్టకుండా తిరిగి తేవడం మొదలుపెట్టింది. మెల్లగా అడిగితే బయటపడింది. పులిహోర చూసి ముక్కు మూసుకోవడం, గుజరాతీ మాటలు పలకమని చుట్టూ చేరి నవ్వడం, వాట్సాప్ గ్రూపులో తన ఫోటోకు పేర్లు పెట్టడం. "పిల్లలన్నాక ఇవన్నీ మామూలే" అని చాలామంది అన్నారు. మామూలేనా? చట్టం ఏమంటుందో చదివాను. తెలిసింది మీతో పంచుకుంటున్నాను.

ఒక్క చట్టం కాదు, కొన్ని చట్టాలు

బడిలో తోటి పిల్లల వేధింపుల కోసమే చేసిన కేంద్ర చట్టం మనకు లేదు. రక్షణ వేర్వేరు చట్టాల్లో ఉంది.

విద్యాహక్కు చట్టం (2009) సెక్షన్ 17 ప్రకారం పిల్లలను శారీరకంగా దండించకూడదు, మానసికంగా వేధించకూడదు. ఇది ప్రధానంగా బడి సిబ్బందిని కట్టడి చేసేది. బాల న్యాయ చట్టం (2015) సెక్షన్ 75 ప్రకారం, తన సంరక్షణలో ఉన్న పిల్లలను హింసించినా, కావాలని నిర్లక్ష్యం చేసి బాధకు గురిచేసినా మూడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. వేధింపు లైంగికమైతే పోక్సో చట్టం (2012) వర్తిస్తుంది. విషయం తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పకపోవడం కూడా ఆ చట్టం కింద నేరమే. నలుగురిలో కులం పేరుతో దూషిస్తే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, అశ్లీల చిత్రాలు పంపితే ఐటీ చట్టం ఉన్నాయి.

సీబీఎస్ఈ 2015లోనే తన బడులకు మార్గదర్శకాలిచ్చి, వేధింపుల నివారణకు కమిటీ వేయమంది. మీ పిల్లల బడిలో ఆ కమిటీ ఉందా అని అడగడానికి మనకు మొహమాటం అక్కర్లేదు.

విశాఖ కేసు తెచ్చిన మార్పు

విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న 17 ఏళ్ళ విద్యార్థిని మరణంపై వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో దేశమంతటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. అవి బడులకూ, కోచింగ్ సెంటర్లకూ, హాస్టళ్ళకూ వర్తిస్తాయి. వంద మంది, అంతకన్నా ఎక్కువ పిల్లలున్న సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలి. వేధింపులపై పేరు బయటపడకుండా ఫిర్యాదు చేసే ఏర్పాటు ఉండాలి. చట్టసభ తగిన చట్టం చేసేదాకా ఇవే అమల్లో ఉంటాయని కోర్టు చెప్పింది.

ఏడిపించేదీ పిల్లలే అయితే?

ఇక్కడే చాలామంది వెనకాడతారు. "ఆ పిల్లాడి భవిష్యత్తు పాడవుతుందేమో" అని. చట్టం కూడా ఆ మాట ఆలోచించింది. ఏడేళ్ళ లోపు పిల్లలు చేసింది నేరమే కాదు. పద్దెనిమిదేళ్ళ లోపువారి విషయం బాల న్యాయ మండలి చూస్తుంది. మందలింపు, కౌన్సెలింగ్, సమాజ సేవ లాంటివి దాని చేతిలో ఉన్న మార్గాలు. మాట్లాడకుండా ఊరుకోవడం ఇద్దరు పిల్లలకూ మేలు చేయదు.

ఫిర్యాదు మెట్లు

మన కస్టమర్ ముందు బ్రాంచికి రాసి, జవాబు రాకపోతే అంబుడ్స్‌మన్ దాకా వెళ్తాడు కదా, ఇదీ అంతే. ముందు తేదీలు, మాటలు, స్క్రీన్‌షాట్లు ఒకచోట పెట్టుకోండి. ప్రిన్సిపాల్‌కు కాగితం మీద రాసిచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. మన పని తీరులో "నోటి మాటకు వోచరు లేదు" కదా! మా విషయంలో ఆ కాగితమే పనిచేసింది. వారంలోపే కౌన్సెలర్ రెండు వైపుల తల్లిదండ్రులనూ కూర్చోబెట్టారు, గ్రూపు మూసేశారు.

బడి పట్టించుకోకపోతే విద్యాహక్కు చట్టం సెక్షన్ 32 కింద స్థానిక అధికార సంస్థకు రాయవచ్చు. మూడు నెలల్లో తేల్చాలి. ఆపైన అప్పీలు రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు. అత్యవసరమైతే 1098, ఆన్‌లైన్ వేధింపులకు 1930, మనసు కుంగినప్పుడు టెలి మానస్ 14416.

ఈ నంబర్లు మన సెల్‌ఫోన్లో ఉంటే చాలదు, పిల్లలకూ నోటికి రావాలి. అంతకన్నా ముందు, సాయంత్రం ఇంటికి వెళ్ళాక మార్కులు అడిగే ముందు "ఇవాళ ఎవరి పక్కన కూర్చుని తిన్నావు?" అని అడుగుదాం. చట్టం తలుపు తట్టాల్సిన అవసరం ఉందో లేదో ఆ జవాబే చెబుతుంది.