మాట వచ్చు.. రాత రాదు.. పని నేర్వాలి!
ఇంటర్న్‌షిప్ కోసం ఇల్లు విడుస్తున్న సరిహద్దు విద్యార్థులు

మేల్పాడి: కాలేజీ ఇచ్చిన బోనఫైడ్ లెటరు, రెండు పాస్‌పోర్టు సైజు ఫొటోలు, కొత్త సేఫ్టీ బూట్లు, నాలుగు జతల బట్టలు, అమ్మ కట్టిచ్చిన చెనిక్కాయ పొడి... ఇంజినీరింగ్ మూడో ఏడు పరీక్షలు ముగిశాయంటే పొన్నై ఏటి గట్టు పల్లెల్లో పిల్లల బ్యాగుల్లో కనిపించేవి ఇవే. ఒకరు రాణిపేటకు, ఒకరు శ్రీపెరుంబుదూరుకు, మరొకరు హోసూరుకు. ఇంకొందరు సరిహద్దు దాటి శ్రీసిటీకి. అందరిదీ ఒకటే పని.. ఇంటర్న్‌షిప్. తమిళనాట కాలేజీల్లో పాత అలవాటుగా 'ఇన్‌ప్లాంట్ ట్రైనింగ్' అని కూడా అంటారు.

వేలూరు, కాట్పాడి కాలేజీలకైతే పొద్దున బస్సెక్కి సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. ఇంటర్న్‌షిప్ అలా కాదు. ఊరు మారాలి, గది వెతుక్కోవాలి, షిఫ్టుకు తగ్గట్టు నిద్ర లేవాలి. చాలామందికి ఇల్లు విడిచి ఉండటం ఇదే తొలిసారి. తిరిగొచ్చేటప్పుడు చేతిలో సర్టిఫికెట్ ఉంటుంది. దాంతోపాటు పని కూడా వచ్చిందా, లేదా? అసలు ప్రశ్న ఇక్కడే ఉంది.

చదువు దగ్గర.. పని దూరం

చిత్తూరు పక్క నీవా నదిగా పేరున్న ఏరే సరిహద్దు దాటాక పొన్నైగా మారి పాలారులో కలుస్తుంది. దాని ఒడ్డునే మేల్పాడి. రాజరాజ చోళుడు తన తాత అరింజయుడి స్మారకంగా వెయ్యేళ్ల కిందట కట్టించిన గుడి ఈ ఊళ్లో నేటికీ నిలిచి ఉంది. ఆ పక్కనే సోమనాథేశ్వరుడి గుడి. ఇంత పాత ఊరైనా, ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, కాలేజీలో ఇంగ్లిషు అన్నది ఇక్కడి తెలుగు కుటుంబాలకు మామూలే.

ఇంజినీరింగ్ చదువు ఈ పల్లెలకు దగ్గరైంది నలభై ఏళ్లలోనే. కాట్పాడిలోని విఐటి 1984లో వేలూరు ఇంజినీరింగ్ కాలేజీగా మొదలైంది. 2001లో డీమ్డ్ యూనివర్సిటీ అయింది. బాగాయంలో తందై పెరియార్ ప్రభుత్వ సాంకేతిక విద్యాసంస్థ 1990లో వచ్చింది. అటు చిత్తూరు వైపు కాలేజీలు సరేసరి. గుడియాత్తంలో లుంగీలు నేసే ఇంట, అగ్గిపెట్టెలు చేసే ఇంట, బీడీలు చుట్టే ఇంట కూడా ఇప్పుడు బీఈ, బీటెక్ చదివే పిల్లలున్నారు. ఇంటికి తొలి ఇంజినీరు కాబోతున్న వారికి కంపెనీ గేటు లోపల ఏముంటుందో చెప్పే పెద్దలు ఇంట్లో ఉండరు. నాయనకు మగ్గం తెలుసు, మడక తెలుసు. షాప్ ఫ్లోర్ తెలియదు.

పుస్తకంలో అర పేజీ.. ఎదురుగా మేడంత

దగ్గరలో పెద్ద పరిశ్రమ అంటే ఎవరైనా ముందు చెప్పేది రాణిపేట బీహెచ్ఈఎల్. బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రాల బాయిలర్లకు కావలసిన అనుబంధ సామగ్రి ఇక్కడ తయారవుతుంది. అందులో ముఖ్యమైంది ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్. పేరు పలకడమే కష్టం గానీ చేసే పని తేలిగ్గా అర్థమవుతుంది. పొగగొట్టంలోకి పోయే పొగలోని బూడిదను పట్టి ఆపుతుంది. అధిక వోల్టేజీతో బూడిద రేణువులకు విద్యుదావేశం ఇస్తారు. అవి వెళ్లి ఇనుప పలకలకు అంటుకుంటాయి. సుత్తులు ఆ పలకలను కొడితే బూడిద కింది తొట్లలోకి రాలుతుంది.

పాఠ్యపుస్తకంలో దీనికి దక్కేది అర పేజీ, ఒక బొమ్మ. విద్యుత్ కేంద్రంలో నిలబెడితే అది మేడంత ఉంటుంది. బొమ్మలో గీతలా కనిపించే పలక అసలుకు మనిషిని మించిన పొడుగు. అంత పలక వంకర పోకుండా ఎలా చేస్తారు, లారీలో ఎలా పంపుతారు, ఎక్కడో దూరాన ఎలా బిగిస్తారు.. ఈ ప్రశ్నలు క్లాసులో రావు. ఇలాంటి సామగ్రి తయారయ్యేచోట నిలబడినప్పుడే వస్తాయి. ఇంటర్న్‌షిప్ ఇవ్వాల్సింది ఇదే.

ఏ కంపెనీలోనైనా తొలి రోజులు గేట్ పాస్, భద్రత పాఠాలతోనే సరిపోతాయి. యంత్రం మీద చెయ్యి వేయనివ్వరు. చూడమంటారు. చూడటం కూడా పనే అని చాలామంది పిల్లలకు తెలిసేసరికి సగం రోజులు గడిచిపోతాయి. ఓ మూల నిలబడి ఫోన్ చూసుకునే వారికి సాయంత్రం కాళ్ల నొప్పులే మిగులుతాయి. 'అన్నా, ఈ ఒక్క కొలతే మళ్లీ మళ్లీ ఎందుకు చూస్తా ఉండారు?' అని పక్కనున్న ఆపరేటరును అడిగే వారికి పని దొరుకుతుంది. ఆ అన్న ఐటీఐ చదివి ఉండొచ్చు, పదో తరగతితో ఆపి ఉండొచ్చు. మైక్రోమీటరు పట్టడంలో మాత్రం ఆయనే గురువు.

గంటలు కాలేజీవి.. ఖర్చు ఇంటిది

ఇంటర్న్‌షిప్ ఒకప్పుడు ఇష్టమున్నవారు చేసేది. ఇప్పుడు చదువులో భాగం. ఏఐసీటీఈ 2018లో ఇచ్చిన నమూనా పాఠ్యప్రణాళిక ప్రకారం నాలుగేళ్లలో 600 నుంచి 700 గంటల దాకా ఇంటర్న్‌షిప్‌కు కేటాయించాలి. దీనికి 14 నుంచి 20 క్రెడిట్లు. ఆంధ్రప్రదేశ్ జేఎన్‌టీయూ కాలేజీల్లో 2020 నిబంధనలతో రెండు వేసవి ఇంటర్న్‌షిప్‌లు, చివరి సెమిస్టర్లో ప్రాజెక్టుతో పాటు మరొకటి వచ్చి చేరాయి.

గంటల లెక్క ఉంది. డబ్బు లెక్క లేదు. చదువుకుంటూ ఇంటర్న్‌షిప్ చేసే విద్యార్థికి స్టైపెండ్ ఇచ్చి తీరాలన్న నియమం లేదు. కొన్ని కంపెనీలు ఇస్తాయి, కొన్ని మధ్యాహ్నం భోజనం, బస్సు వరకు ఇస్తాయి, కొన్ని ఏమీ ఇవ్వవు. గది అద్దె, అడ్వాన్సు, రాత్రి భోజనం, రానుపోను చార్జీలు ఇంటి నుంచే రావాలి. రోజుకు ఇన్ని బీడీలు, వారానికి ఇన్ని లుంగీలు అని లెక్కగట్టి కూలి తెచ్చుకునే ఇంట్లో, నెల ఖర్చు ముందే చేతిలో పెట్టడం చిన్న మాట కాదు.

ఇంటర్న్‌షిప్‌ను, అప్రెంటిస్‌షిప్‌ను ఒకటే అనుకుని మోసపోయేవారూ ఉన్నారు. రెండూ వేరు. అప్రెంటిస్‌షిప్‌కు 1961 నాటి చట్టం ఉంది. 1973 సవరణతో ఇంజినీరింగ్ పట్టభద్రులు, డిప్లొమా వారు దాని కిందికి వచ్చారు. 2019లో సవరించిన నిబంధనలు పట్టభద్రులకు నెలకు కనీసం రూ. 9,000, డిప్లొమా వారికి రూ. 8,000 అని నిర్ణయించాయి. ఇది ప్రధానంగా చదువు ముగిశాక ఒప్పందం రాసుకుని చేరేవారి కోసం. 2024లో మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకంలో నెలకు రూ. 5,000 ప్రకటించారు. అయితే 2024 నాటి నిబంధనల ప్రకారం కాలేజీలో పూర్తికాలం చదువుతున్న వారికి అది వర్తించలేదు. ఈ తేడా తెలియక డబ్బు వస్తుందని లెక్కలు వేసుకుంటే ఇబ్బందే.

రెండు వైపులా 'పక్కూరోడే'!

శ్రీపెరుంబుదూరుకు రైలు లేదు. వేలూరు, వాలాజా వైపు నుంచి బెంగళూరు-చెన్నై హైవే బస్సులే దిక్కు. అక్కడికి దగ్గర్లోని ఇరుంగాట్టుకోట్టైలో హ్యుందాయ్ 1998లో కార్ల తయారీ మొదలుపెట్టాక, ఆ దారి పొడవునా కంపెనీలు వెలిశాయి. మన పిల్లలకు అక్కడ భాష ఇబ్బంది లేదు. తమిళం బడి భాషే. రాత్రి గదిలో ఇంటికి ఫోన్ చేసి 'బాగుండానమ్మా, తింటిని' అన్నప్పుడే పక్క మంచం వాడు తలెత్తి 'నీంగ తెలుంగా?' అని అడుగుతాడు.

శ్రీసిటీకి వెళితే కథ తిరగబడుతుంది. సత్యవేడు ప్రాంతం ఒకప్పుడు చెంగల్పట్టు జిల్లాది. 1960 ఏప్రిల్ 1న సరిహద్దు మార్పుల్లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోగా, సత్యవేడు ఆంధ్రకు వచ్చింది. శ్రీసిటీ పారిశ్రామికవాడ 2008లో అక్కడే ఆరంభమైంది. ఇసుజు వాహనాలు 2016 నుంచి అక్కడ తయారవుతున్నాయి. ప్రస్తుతం తిరుపతి జిల్లాలో ఉన్న ఆ ప్రాంతంలో రెండు భాషలూ వినిపిస్తాయి. అక్కడ మన పిల్లాడు నోరు విప్పితే 'మీది తమిళనాడా?' అంటారు. 'వస్తా ఉండా, చూస్తా ఉండా' అనే యాసకు కొందరు నవ్వుతారు కూడా.

నవ్వినవారే రెండో వారంలో అతన్ని వెతుక్కుంటూ వస్తారు. తమిళం మాత్రమే తెలిసిన సూపర్‌వైజరు చెప్పింది తెలుగు మాత్రమే తెలిసిన ఆపరేటరుకు అందాలంటే మధ్యలో ఒకరు కావాలి. ఏ కాలేజీ నేర్పని ఆ విద్య సరిహద్దు ఇంట్లో ఊరికే వచ్చింది. ఆపరేటరు ఇబ్బందిని ఇంజినీరుకు, ఇంజినీరు మాటను ఆపరేటరుకు చేర్చే కుర్రాడికి రెండు వైపుల పనీ అర్థమవుతుంది.

చిక్కల్లా చదవడం దగ్గరే. తమిళనాడులో 2006 చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరైంది. ఒకటో తరగతి నుంచి ఏటా ఒక్కో తరగతికి పెరుగుతూ 2015-16 నాటికి అది పదో తరగతికి చేరింది. ఆ ఏళ్లలో చదివిన పిల్లల్లో తెలుగు గలగలా మాట్లాడి, అక్షరం గుర్తుపట్టలేనివారు ఎందరో. గోడ మీద 'అపాయం' అని రాసి ఉన్నా, 'తాకరాదు' అని ఉన్నా వారికి బొమ్మే ఆధారం. బస్సు బోర్డు చదవడానికి పక్కవారిని అడగాలి. నాయన పొద్దున్నే తెలుగు పేపరు చదివే ఇంట్లో కొడుకు అదే పేపరును తిప్పి చూసి పక్కన పెట్టేయడం.. ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఇది ఎవరికీ లోటుగా అనిపించదు. కంపెనీ గోడ ముందు నిలబడ్డాకే తెలిసొస్తుంది.

ఆడపిల్లల విషయంలో ఇంకో మెట్టు

అబ్బాయిని పంపడానికి ఒక ఫోను చాలు. అమ్మాయిని పంపాలంటే ఇంటిల్లిపాదీ కూర్చోవాలి. హాస్టలు ఎక్కడ, రాత్రి బస్సు గేటు దాకా వస్తుందా, తోడు ఎవరు.. అవ్వ దాకా అందరూ అడుగుతారు. అడగడం తప్పు కాదు. కానీ జవాబులు కనుక్కోకుండానే 'వద్దులే, ఇక్కడే ఎక్కడైనా సర్టిఫికెట్ తెచ్చుకుందువులే' అని తేల్చేయడంతో నష్టపోయేది ఆ అమ్మాయే. పని చేయకుండా డబ్బు కట్టి తెచ్చుకున్న కాగితం మార్కులకు సరిపోవచ్చు. ఉద్యోగం ఇంటర్వ్యూలో 'అక్కడ ఏం చేశావు?' అన్న మొదటి ప్రశ్నకే అది చాలదు. ఒకే క్లాసులోని ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు కలిసి ఒకే ఊరు ఎంచుకుంటే తోడుకు తోడు, అద్దెకు అద్దె కలిసొస్తాయి.

వెళ్లేముందు.. ఉన్నప్పుడు

* ఎన్ని వారాలు, ఏ విభాగం, స్టైపెండ్ ఉందా లేదా, భోజనం, బస్సు సంగతి.. అన్నీ కాగితం మీద అడిగి తీసుకోవాలి. నోటిమాట నమ్ముకోవద్దు.

* ఇంటర్న్‌షిప్ ఇప్పిస్తామని ముందే డబ్బు అడిగితే ఏం నేర్పుతారో, ఎక్కడ నేర్పుతారో కాలేజీ హెచ్‌వోడీతో విచారించాకే కట్టాలి.

* లాగ్ బుక్ ఏ రోజుది ఆ రోజే రాయాలి. 'యంత్రం చూశాను' అని కాదు. ఏ యంత్రం, ఏ భాగం, ఏ కొలత, ఎక్కడ తేడా వచ్చింది, ఎలా సరిచేశారు అన్నది ఉండాలి. చివరి రోజు కూర్చుని రాసింది చూడగానే తెలిసిపోతుంది.

* ఫొటోలు తీసే ముందు అనుమతి అడగాలి. చాలా కంపెనీల్లో అది నిషేధం.

* ఒంట్లో బాగాలేకపోయినా, పనిచోట ఇబ్బంది ఎదురైనా దాచకుండా ఇంటికి, కాలేజీ గైడుకు అదే రోజు చెప్పాలి. 'బాగుండాను' అన్న మాట అన్ని వేళలా నిజం కాదని అమ్మానాన్నలూ గుర్తుంచుకోవాలి.

* సరిహద్దు దాటి వెళ్లేవారు నెల ముందు నుంచే తెలుగు అక్షరాలు పట్టుకోవాలి. మాట ఎలాగూ వచ్చు కాబట్టి పలకడం కొత్తగా నేర్వక్కర్లేదు, గుర్తుపట్టడమే నేర్వాలి. ఇంట్లో పేపరు ఉంది, చదివే నాయన ఉన్నాడు. రోజుకు ఒక్క శీర్షిక కూడబలుక్కుని చదివించినా, బండి ఎక్కేనాటికి బోర్డు చదివే పాటి తెలుగు వచ్చేస్తుంది.