సముద్రం నుంచే కాదు, ఏటి నుంచీ తుఫానే

అక్టోబరు దాటిందంటే నెల్లూరు తీరానికి గుబులు మొదలవుతుంది. రామాయపట్నం నుంచి పులికాట్ సరస్సు దాకా చేపల వేటకు పోయేవారూ, నారుమళ్లు పోసుకున్న రైతులూ, రొయ్యల గుంటలవారూ వాయుగుండం కబుర్ల కోసం చెవులు రిక్కించి ఉంటారు. డిసెంబరు వెళ్లేదాకా ఈ దిగులు తప్పదు.

'తుఫాను' అనే మాట అరబీ, ఫారసీ, ఉర్దూల మీదుగా మన నోటికి వచ్చింది. నూహ్ ప్రవక్త (అలైహిస్సలాం) కాలపు జలప్రళయానికి దివ్య ఖుర్ఆన్ వాడినది ఈ మాటే. తెలుగులో మనకు గాలివాన, ఉప్పెన అనే మాటలున్నాయి. తుఫాను వల్ల వచ్చే ముప్పులు నిజానికి మూడు. అవి గాలి, వాన, సముద్రం పొంగి ఊళ్ల మీద పడే ఉప్పెన. ఈ మూడింటిలో ఏది ఎప్పుడు ప్రాణాలు తీసిందో చూస్తే మనం నేర్చుకోవలసింది చాలా ఉంది.

సంవత్సరాలే గుర్తులు

మన పెద్దలు తుఫానులను సంవత్సరాలతో గుర్తుపెట్టుకున్నారు. 1977 నవంబరు 19న దివిసీమ మీద పడిన ఉప్పెన పది వేలకు పైగా ప్రాణాలను బలిగొంది. అది కృష్ణా జిల్లా దుఃఖమే అయినా కోస్తా అంతటికీ కళ్లు తెరిపించింది. 1979 మే నెలలో మరో తుఫాను నెల్లూరు, ప్రకాశం జిల్లాలను కుదిపేసింది. 1984 నవంబరు 14న శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుఫాను అప్పటి నెల్లూరు జిల్లాలో వందలాది కుటుంబాలను శోకంలో ముంచింది.

1989 నవంబరులో వచ్చినది 'కావలి తుఫాను'. అది థాయిలాండ్ సింధుశాఖలో పుట్టి, నవంబరు 4న ఆ దేశంలోని చుంఫోన్ తీరాన్ని ధ్వంసం చేసి, అక్కడి సన్నటి నేల దాటి బంగాళాఖాతంలోకి వచ్చింది. మళ్లీ బలం పుంజుకుని కావలి దగ్గర తీరాన్ని తాకింది. గాలి గంటకు 200 కిలోమీటర్ల వేగాన్ని మించింది. అక్కడ వందల మంది చనిపోగా, మన రాష్ట్రంలో మృతుల సంఖ్య డెబ్బై లోపే ఉంది. తుఫాను చుట్టుకొలత చిన్నది కావడం ఒక కారణం. ఇన్సాట్ ఉపగ్రహం చిత్రాలు, ముందస్తు హెచ్చరికలు, జనాన్ని ముందే తరలించడం మరో కారణం. 1977కూ 1989కీ నడుమ గాలి బలం తగ్గలేదు, మనిషి జాగ్రత్త పెరిగింది.

పేరున్నవి, పేరు లేనిది

2004 నుంచి మన సముద్రంలో తుఫానులకు పేర్లు పెడుతున్నారు. ఈ జాబితాకు ఇప్పుడు 13 దేశాలు పేర్లు ఇస్తున్నాయి. 2010 మేలో బాపట్ల దగ్గర తీరం దాటిన 'లైలా' పాకిస్తాన్ ఇచ్చిన పేరు. 2020 నవంబరులో పుదుచ్చేరి దగ్గర తీరం దాటినా నెల్లూరును వానతో తడిపి ముద్ద చేసిన 'నివర్' ఇరాన్ ఇచ్చినది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం చేరేముందు మన తీరం వెంబడే నడిచిన 'మిచాంగ్' మయన్మార్ పెట్టిన పేరు.

కానీ ఇటీవలి కాలంలో నెల్లూరును నిలువునా ముంచింది పేరైనా లేని ఒక వాయుగుండం. అది 2021 నవంబరు 19 తెల్లవారుజామున పుదుచ్చేరి, చెన్నైల మధ్య తీరం దాటింది. గాలి బలం తుఫాను స్థాయికి చేరనే లేదు. వాన మాత్రం రాయలసీమ కొండల మీద కుండపోతగా కురిసింది. కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, కింది ఊళ్లు కొట్టుకుపోయాయి. సోమశిల నుంచి 5 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పెన్నలోకి వదలవలసి వచ్చింది. నెల్లూరులో భగత్‌సింగ్ కాలనీ వంటి ఏటి ఒడ్డు బస్తీలు మునిగాయి. పడుగుపాడు వద్ద జాతీయ రహదారి తెగింది, రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. చెన్నైకీ విజయవాడకీ మధ్య రాకపోకలు స్తంభించాయి.

ముప్పు ఎటు నుంచి?

తుఫాను షెల్టర్లన్నీ తీరగ్రామాల్లో ఉన్నాయి. మన చూపంతా తూర్పు దిక్కునే ఉంది. 2021లో నీళ్లు పడమర నుంచి వచ్చాయి. కూలీనాలీ చేసుకునే కుటుంబాలు, ఏ మతంవారైనా సరే, అద్దెలు కట్టలేక ఏటి పోరంబోకులోనో, చెరువు కట్ట కిందో, కాలువ గట్టునో ఇల్లు వేసుకుంటున్నాయి. సముద్రం ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉందన్న ధీమా వీరికి పనికిరాదు. పెన్నకు పటిష్ఠమైన కరకట్టలు కట్టడం, కాలువలు పూడిక తీయించడం, ఏటి ఒడ్డు కుటుంబాలకు మెరక మీద ఇళ్లు ఇవ్వడం ప్రభుత్వం పని. అడిగి చేయించుకోవడం మన పని.

మన చేతిలో ఉన్నవీ కొన్ని ఉన్నాయి. కృష్ణపట్నం రేవులో ఎగరేసే ప్రమాద సూచికలు ఒకటి నుంచి పదకొండు వరకు ఉంటాయి. ఎనిమిది, తొమ్మిది, పది వస్తే మహా ప్రమాదమని ఇంట్లో పిల్లలకు కూడా తెలియాలి. అయితే అవి సముద్రం సంగతే చెబుతాయి. ఏటి ఒడ్డున ఉన్నవారు సోమశిల నుంచి ఎంత నీరు వదిలారో కూడా విచారించుకోవాలి. ఆ కబురు బస్తీకి అందాలంటే మసీదు మైకును మించిన సాధనం లేదు. రేషన్ కార్డు, ఇంటి పట్టా, పిల్లల సర్టిఫికెట్లు ప్లాస్టిక్ సంచిలో కట్టి ఉంచుకోవాలి. పారే నీటిలో చప్టా దాటే సాహసం చేయకూడదు. వీధిలో ఒంటరిగా ఉండే ముసలివాళ్లు, బాలింతలు ఎవరున్నారో ముందే రాసిపెట్టుకోవాలి. వరద తీశాక నీళ్లు కాచి తాగాలి.

ఒంటెను కట్టి, ఆపై అల్లాహ్ మీద భారం వేయమన్నది ప్రవక్త (స) బోధ. బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో ఏటా రొట్టెలు మార్చుకునే మతాలన్నిటి జనం, వరద రోజున ఒకరి ఇంటి తలుపు ఒకరు తట్టగలిగితే చాలు. ఈ జుమా నమాజు తరువాత ఒక పావుగంట కూర్చుని, మన వీధిలో ఎవరు ఎవరిని లేపాలో మాట్లాడుకుందాం.