కెమెరా బెల్టుకు ఒంటి కొలత

1925లో లైప్‌జిగ్ వసంత సంతలో జనం ముందుకొచ్చిన తొలి లైకా కెమెరాకు బెల్టు తగిలించే కొక్కేలే లేవు. అర కిలోకు లోపే తూగే ఆ పెట్టెను తోలు సంచిలో పెట్టి, సంచి పట్టీని భుజాన వేసుకునేవారు. 1933 నాటి లైకా 3తో కెమెరాకే రెండు చెవులు మొలిచాయి. 1959లో నికాన్ ఎఫ్, దాని వెనకే పొడుగాటి లెన్సులు వచ్చి బరువు పెరిగింది. నేడు ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు 70–200 జూమ్ బిగిస్తే చాలాసార్లు 2 కిలోలు దాటుతుంది. డబ్బాలో వచ్చే బెల్టుది మాత్రం ఒకటే కొలత, బకిల్‌తో కాస్త అటూ ఇటూ. చొక్కాకూ చెప్పుకూ సైజులున్నాయి, రోజంతా బరువు మోయించే పట్టీకి లేవు. కెమెరా మోసి భారీ దేహం ఉన్నవారికి మెడ నొప్పి పుడితే ఆ తప్పులో ఈ కొలతకూ వాటా ఉండొచ్చు.

మెత్తటి వెడల్పు పట్టీ కొంటే చాలదా అంటారు. అది సగం నిజం. 2 కిలోల బరువు రెండున్నర సెంటీమీటర్ల పట్టీతో 10 సెంటీమీటర్ల మేర ఆనితే చదరపు సెంటీమీటరుకు 80 గ్రాములు పడుతుంది, పట్టీ వెడల్పు 5 సెంటీమీటర్లయితే 40. కోత తగ్గింది గాని మోత తగ్గలేదు. పైగా ఛాతీ, పొట్ట ముందుకున్నవారి మెడలో కెమెరా వెన్నెముకకు మరింత దూరంగా వేలాడుతుంది. చంకన తేలికనిపించిన బిందె చేయి చాపి పట్టుకుంటే ఎంత బరువెక్కుతుందో తెలిసిందే. దూరం పెరిగినకొద్దీ మెడ కండరాలు వెనక్కి లాగాల్సిన బలమూ పెరుగుతుంది. కనుక బరువును మెడనుంచి తప్పించి, జంధ్యంలా ఒక భుజం మీదుగా అవతలివైపు తుంటికి దించడమే మేలు.

అప్పుడు పొడవే కీలకం. మెడలో సరిపోయిన బెల్టును అడ్డంగా వేస్తే వెడల్పాటి ఒంటిమీద కెమెరా చంక కిందే ఆగిపోతుంది. మరీ పొడుగైతే లోలకంలా ఊగి అడుగడుగునా తొడను కొడుతుంది. అందుకే పొడవు సులువుగా మారాలి, కెమెరా పట్టీ వెంట జారాలి. అలా జారితే పట్టీ భుజం మీద కదలకుండా కెమెరా ఒక్కటే కంటిదాకా వస్తుంది. రెండు భుజాల హార్నెస్ ఇంకా మంచిది కాదా? రెండు కెమెరాలు మోసే పెళ్లి ఫోటోగ్రాఫర్లకు మంచిదే. అయితే దానికీ ఛాతీ చుట్టుకొలత హద్దు ఉంటుంది, వేసుకుని చూడందే కొనకూడదు. ముందుగా దర్జీ టేపు తీసుకోండి. ఎడమ భుజం నుంచి ముందువైపుగా కుడి తుంటికి, అక్కడినుంచి వీపు మీదుగా మళ్లీ భుజానికి, బట్టల మీదే చుట్టూ కొలవండి. బెల్టు గరిష్ఠ పొడవు ఆ అంకె కన్నా నాలుగు వేళ్లయినా ఎక్కువ లేకపోతే, ఎంత మెత్తనిదైనా కొనకండి.